కమాను కింద పడవ

గవ్వలదిబ్బ గుడికి అంచనా రాయమని పంపారు నన్ను:
కూల్చడానికెంత, కొత్త శ్లాబుకెంత.
టేపు, గుండుదారం, రసమట్టం, కార్బన్ పెట్టిన పుస్తకం.
లాంచీ దిగేసరికి మోకాటిదాకా ఒండ్రు.

ఈ దీవిలో రాయి లేదు.
గులకరాయి కావాలన్నా ఎగువనించి రావాలి.
అట్లాంటి చోట గోడ మందం కొలిస్తే
నాలుగడుగుల రెండంగుళాలు.
మళ్ళీ కొలిచాను. అంతే.
కిటికీలు మాత్రం చేటంత.
వెలుగుని దోసిలితో కొలిచి పోస్తున్నాయి లోపలికి.

దెబోరమ్మ తాళాలు తెచ్చింది.
తొంభై ఉంటాయట, ఎవరి లెక్కో తెలీదు.
"దొర ఊళ్ళో ఎనిమిదొందలేళ్ళ గుడి ఒకటుందంట బాబూ,
గుండ్రటి కమాన్లూ బండ గోడలూ, గుహలాగ.
దానిమీద బెంగెట్టుకున్నాడు.
బొగ్గుముక్కతో అరుగు మీద గీసి చూపించాడు.
మా ముత్తాత మట్టా చిట్టెన్న అటూ ఇటూ తిరిగి చూసి
పొయ్యి నోరు కదండీ ఇది, అన్నాడంట."

పొయ్యి నోరే.
ఒండ్రు తీసి ఇటుక కోసి తాటిమట్టలతో కాల్చి,
ఏటి మొగలో పోగైన ఆల్చిప్పలు బట్టీ పెట్టి సున్నం చేసి,
ఎద్దు తిరిగే గానుగలో
కరక్కాయ నీళ్ళూ బెల్లప్పాకమూ పోసి
రోజుల తరబడి నూరి,
గోదారి అడుగే లేచి నిలబడ్డట్టు కట్టారు గోడలు.

స్తంభాల తలల మీద గచ్చు బొమ్మలు.
దానియేలు గుంటలో సింహాల్ని చెయ్యమంటే
సింహాన్నెరగని చిట్టెన్న
వీధికుక్క చెవులు పెట్టాడు.
ఒకటి కాలు లేపి గోక్కుంటోంది.
మూలన ఒక మండపీత, ఏ వాక్యంలోనూ లేనిది.

ఎనభైయారు వరద గీత నా భుజమెత్తున.
దాని పైన ఇంకో గీత,
ఏ ఏడాదిదో చెప్పేవాళ్ళు లేరు.

నిచ్చెన వేసి బలిపీఠం మీదికెక్కాను.
పెచ్చు ఊడిన చోట టార్చి వేస్తే
సున్నంలో కర్ర చారలు.
పలక పక్కన పలక, మేకుతలల వరస,
అతుకుల్లో కూరిన జనపనార గుర్తు కూడా.
ఏ సెంట్రింగూ ఇలా ఒంపు తిరగదు,
పోనుపోను సన్నమై ఇలా ముక్కు దేరదు.
పడవ కడుపు ఇది.

కిందికి కేకేశాను.
దెబోరమ్మ నవ్వింది,
నేనేదో ఆలస్యంగా చుట్టరికం కలిపినట్టు.
"కమాను కలిసేదాకా దాన్ని మొయ్యడానికి కర్రేదీ ఇక్కడ?
ఓలేటి లోవయ్య తన పడవ బోర్లించి ఇచ్చాడు.
మన గుంపు కాదు. చచ్చేదాకా
గంగానమ్మకి కోడిని కోసినవాడే.
నలభై రోజులు ఆ ఇంట వేట లేదు.
కూలోళ్ళే రాత్రిళ్ళు ఇంత గంజి పంపేవారంట.
చివరి ఇటుక బిగించి
కింద గుంజలు ఒక్కోటీ లాగుతుంటే
దొర మోకాళ్ళ మీద, చిట్టెన్న బయట కల్లుముంత దగ్గర,
లోవయ్య ఒక్కడే లోపల.
కప్పు కూలితే పడవేమవుద్దోనని."

కూలలేదు.
పడవ ఏట్లోకి పోయింది,
దాని బోలు ఇక్కడుండిపోయింది.

పోయిన జ్యేష్ఠంలో నా ముందువాడు
పగుళ్ళకి అడ్డంగా రెండు అద్దం ముక్కలు అతికించిపోయాడు.
గోడ కదిలితే అద్దం చెబుతుంది.
ఉత్తరప్పక్కది బాగానే ఉంది, దాని మీద బల్లి గుడ్లు.
ఏటివైపుది
వెంట్రుకవాసి చీలింది.
రెండూ రాశాను.

లోవయ్య నలభై రోజులకి
అంచనా పుస్తకంలో గడి లేదు.
కార్బన్ తిరగేసి పెట్టానో ఏమో
అంకెలన్నీ కాగితం వెనక్కి పడ్డాయి, అద్దంలోలాగ.

లాంచీవాడు హారన్ కొడుతున్నాడు.
తలుపు ఉబ్బి పడటం లేదు.
దెబోరమ్మ భుజం ఆనించి నెట్టింది,
ఇసుకలో దిగబడ్డ పడవని
నీళ్ళలోకి నెట్టే ఇంటి మనిషిలా.